రంగుల ఎంపిక – నవీన సాధనములు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనిన, దాని వెనుక కార్యకర్తల ఓర్పును చదువరుల అభిమానమును కలవు. ఇట్టి సభలో రంగులను గూర్చిన ప్రసంగమేల యని కొందఱికి తోచవచ్చును. గ్రంథాలయమునకు అక్షరములతో పని గాని రంగులతో పనియేమి యని ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానము గ్రామ వీథిలోనే కలదు.

పూర్వము శుభలేఖ వేయించవలెనన్న పట్టణములోని అచ్చుకూటమునకు పోవలసియుండెను. అచ్చట రెండు మూడు సిరాలు మాత్రమే యుండెడివి. రంగు నెన్నుకొను శ్రమ ఎవరికిని లేకుండెను. పొరపాటు చేయుటకు అవకాశమును అంతగా లేకుండెను. నేడు ఆ స్థితి మాఱినది. చేతిలోని సెల్‌ఫోనుతోనే పెండ్లి పత్రికలు, దుకాణముల బోర్డులు, పాఠశాల వార్షికోత్సవ ఆహ్వానములు, వీథి మొగల ఫ్లెక్సీలు తయారగుచున్నవి. పదునెనిమిదేండ్ల పిల్లవాడు ఇంటి అరుగుమీద కూర్చుండి చేసిన ప్రకటనను ఊరంతయు చదువుచున్నది. లేదా, చదువలేక పోవుచున్నది. అక్షరము సరిగానే యుండి, దాని రంగు వలన చదువరికి అందకుండుట నేడు ప్రతిదినము జరుగుచున్న విషయము. కనుక ఇది గ్రంథాలయమునకు సంబంధింపని సంగతి కాదు.

తెరమీద ఎన్నదగిన రంగులు మొత్తము 1,67,77,216. ఇంత సంఖ్య యెట్లు వచ్చినదో తెలిసికొనుట కష్టము కాదు. తెరలోని ప్రతి బిందువునందును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు చిన్న దీపములు కలవని యనుకొనవచ్చును. ఒక్కొక్క దీపమును 0 మొదలు 255 వఱకు, అనగా 256 మెట్లలో, హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. 256ను 256తోడను, వచ్చిన దానిని మఱల 256తోడను గుణించిన పై సంఖ్య వచ్చును. మూడు దీపములును పూర్తిగా వెలిగిన తెలుపు. మూడును ఆరిన నలుపు. ఎఱుపును ఆకుపచ్చయు కలిసి వెలిగిన పసుపు. ప్రతి రంగునకును ఆరు గుర్తుల సంఖ్య యొకటి యుండును. ఆ సంఖ్యను వ్రాసి పంపినచో, గ్రామములో ఎన్నుకొనిన రంగును పట్టణములోని డిజైనరు తన కంప్యూటరులో అదే సంఖ్యతో తెఱువగలడు. "లేత ఆకుపచ్చ" అని నోటితో చెప్పిన పది మంది పది విధములుగ గ్రహింతురు. సంఖ్యకు అట్టి సందేహము లేదు.

కాని కోటికి పైబడిన రంగులలో రెండు మూడింటిని పొందికగా ఎన్నుకొనుట యెట్లు? ఈ పనికై అంతర్జాలమున అనేక సాధనములు వెలసినవి. అడోబి సంస్థవారు 2006లో వేఱొక పేరుతో ఆరంభించి, తరువాత "అడోబి కలర్" అని పిలుచుచున్న సాధనము వానిలో నొకటి. "కూలర్స్" అనునది మఱియొకటి. దీనిలో ఒక మీట నొక్కిన ఐదు రంగుల వరుస యొకటి వచ్చును. నచ్చిన రంగును అట్లే నిలిపి, తక్కిన వానిని మార్చుచు పోవచ్చును. ఒక ఛాయాచిత్రము నిచ్చినచో దానిలోని ముఖ్యమైన రంగులను ఏఱి చూపుటయు ఈ సాధనముల పని. వరిచేను చిత్రము నిచ్చిన చేని పచ్చదనము, గట్టు మట్టి, ఆకాశము వేఱువేఱు గళ్లుగా కనబడును. వీనిలో చాలవఱకు మూల్యము లేకయే వాడుకొనవచ్చును.

ఈ సాధనములు రంగులను జతచేయుటకు ఆధారము వర్ణచక్రము. ఇది నిన్నమొన్నటిది కాదు. సర్ ఐజాక్ న్యూటన్ 1704లో ప్రకటించిన "ఆప్టిక్స్" అను గ్రంథములో ఇంద్రధనుస్సు నందలి ఏడు రంగులను ఒక వృత్తముగా చుట్టి చూపెను. నేటి సాధనములు ఆ వృత్తమును 360 భాగములుగా విభజించి లెక్క వేయుచున్నవి. వృత్తములో ఎదురెదురుగా 180 భాగముల దూరములో నున్నవి ప్రతిరంగులు. ఇవి ఒకదాని నొకటి ఉజ్జ్వలముగ చూపును. ప్రక్కప్రక్కన నున్నవి బంధువుల వంటివి, శాంతముగ కలిసియుండును. 120 భాగముల దూరములో మూడింటిని గ్రహించిన త్రికోణ మేర్పడును. కంప్యూటరు చేయునది ఈ కొలత మాత్రమే. ఒక రంగు నిచ్చిన, దానికి ఎదురేది, ప్రక్కయేది అని క్షణములో చెప్పును. ఇందు మాయయేమియు లేదు.

అయితే రంగుల విషయమున కొలత యెంతవఱకు నిలుచును? ఈ సందర్భమున ఫ్రాన్సు దేశమునందు జరిగిన యొక ఉదంతము తెలిసికొనదగినది. పారిస్ నగరమున గోబెలిన్స్ అను ప్రసిద్ధమైన నేతశాల కలదు. షెవ్రోల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1824లో అచ్చటి అద్దకపు శాఖకు అధిపతి యయ్యెను. నల్లదారమునకు రంగు సరిగా పట్టుట లేదని, ముఖ్యముగా నీలము, ఊదా వస్త్రముల మడతలలో నీడగా నేసినపుడు అది వెలవెలబోవుచున్నదని ఆయన వద్దకు ఫిర్యాదు వచ్చెను. ఆయన ఇతర నేతశాలల నల్లదారములను తెప్పించి పరీక్షించెను. రంగులో లోపమేమియు లేదు. లోపము నలుపులో కాదు, దాని ప్రక్క నున్న రంగులో నున్నదని ఆయన గ్రహించెను. ప్రక్కనున్న రంగును బట్టి కన్ను ప్రతి రంగును వేఱుగా చూచును. ఈ సూత్రమును వివరించుచు ఆయన 1839లో ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. అదే బూడిద రంగు దారము తెల్లని నేలమీద ముదురుగాను, నల్లని నేలమీద లేతగాను కనబడుట ఏ నేతగాని కైనను అనుభవములోని సంగతియే. రంగునకు ఒంటరి జీవితము లేదు.

కావున సాధన మిచ్చిన ఐదు గళ్లు విడివిడిగ చూచినపుడు ముచ్చటగా నుండవచ్చును. కాని నేలగా ఏది, అక్షరముగా ఏది, ఎంత మేరకు ఏది అనునవి చేయువాడే నిర్ణయింపవలెను. ఇది మొదటి జాగ్రత్త.

రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. వర్ణచక్రము వన్నెను చూపును గాని వెలుగును చూపదు. ఒకే మాదిరి పూర్ణత గల పసుపును నీలమును చక్రము సమానముగ చూపును. కంటికి మాత్రము పసుపు దాదాపు తెలుపంత వెలుగుగాను, నీలము దాదాపు నలుపంత చీకటిగాను తోచును. కారణ మేమన, తెరమీది తెలుపు వెలుగును నూఱు పాళ్లనుకొనిన, అందు ఆకుపచ్చ దీపము పాలు సుమారు 72, ఎఱుపు పాలు సుమారు 21, నీలము పాలు 7 మాత్రమే. చదువుటకు కావలసినది వన్నెలో భేదము కాదు, వెలుగులో భేదము.

ఈ భేదమును కొలుచుటకు ఒక లెక్క యేర్పడినది. అంతర్జాల ప్రమాణములను నిర్ణయించు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము 2008లో ప్రకటించిన నియమములలో ఇది కలదు. తెలుపునకు నలుపునకు నడుమ గల భేదము 21కి 1. ఇంతకు మించిన భేదము లేదు. ఒకే రంగుపై అదే రంగుతో వ్రాసిన 1కి 1, ఏమియు కనబడదు. సామాన్య పరిమాణము గల అక్షరములకు కనీసము 4.5 ఉండవలెననియు, పెద్ద అక్షరములకు 3 చాలుననియు, మఱింత సుకరముగ చదువుటకు 7 ఉండవలెననియు ఆ నియమము. రెండు రంగుల సంఖ్యల నిచ్చిన ఈ భేదమును వెంటనే చెప్పు సాధనములు ఉచితముగ లభించుచున్నవి. నియమము తెరకొఱకు ఏర్పడినదే యైనను, అచ్చునకును మంచి మార్గదర్శి.

ఈ లెక్కను గ్రామమున ఎల్లరు నెఱిగిన ఉదాహరణములతో పరీక్షింపవచ్చును. పసుపు కాగితముపై ఎఱ్ఱని అక్షరములు శుభసూచకములు. తెరమీది పూర్ణమైన పసుపుపై పూర్ణమైన ఎఱుపునకు భేదము సుమారు 3.7. పెండ్లికుమార్తె పేరు పెద్ద అక్షరములలో నున్నచో చాలును; ముహూర్తము, కల్యాణమండపము చిరునామా చిన్న అక్షరములలో నున్నచో చాలదు. ఆ ఎఱుపునే కుంకుమవలె ముదురుగా చేసిన భేదము 10కి హెచ్చును. సంప్రదాయము చెడలేదు, శుభము తగ్గలేదు, తాతగారు అద్దములు వెదకికొనవలసిన పనియు తగ్గినది. ఇక తెలుపుపై పసుపు అక్షరములకు భేదము 1.1 లోపుననే యుండును. ముదురాకుపచ్చ నేలపై ఎఱ్ఱని అక్షరములకు 1.3. వర్ణచక్రములో ఎఱుపును ఆకుపచ్చయు దూరదూరముగ నుండి ఉజ్జ్వలమైన జత యనిపించుకొనును. చదువరికి మాత్రము ఆ జత గోడవలె అడ్డుపడును. చూచుటకు పొందిక, చదువుటకు పొందిక అనునవి రెండును వేఱని దీనివలన స్పష్టమగుచున్నది.

తెలుగు లిపికి ఈ జాగ్రత్త మఱింత అవసరము. తలకట్టులు, గుడులు, సున్నలు, అడుగున వేయు ఒత్తులు సన్నని గీతలతో నేర్పడును. వెలుగులో భేదము తగ్గినపుడు మొట్టమొదట మాయమగునవి ఇవియే. ఒత్తు పోయిన మాట మాఱిపోవును. గుడి పోయిన అర్థము చెడును.

ఈ నష్టము ఎల్లరకు సమానముగ కలుగదు. వయసు మీఱిన కొలది కంటిలోని కటకము పచ్చబడును; లోనికి పోవు వెలుగు, ముఖ్యముగ నీలపు వెలుగు, తగ్గును. యువకుడు చేసిన ప్రకటన యువకుని కంటికి బాగుండును. అది వాని తప్పు కాదు. కాని వృద్ధాప్య పింఛను ప్రకటన చదువవలసినవారు వృద్ధులు.

పుట్టుకతోనే కొన్ని రంగులను వేఱుచేసి చూడలేనివారును కలరు. ఇంగ్లండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ డాల్టన్ అట్టివాడు. తాను ఇతరుల వలె రంగులను చూచుట లేదని గ్రహించి 1794లో ఆయన ఒక వ్యాసము చదివెను. తన కంటిలోని ద్రవము నీలముగ నుండుటయే కారణమని ఆయన ఊహ. మరణానంతరము తన కన్నులను పరీక్షింపుడని కోరెను. 1844లో పరీక్షింపగా ద్రవము స్వచ్ఛముగనే యుండెను. భద్రపఱచిన ఆ కంటి భాగమునుండి గ్రహించిన జన్యు పదార్థమును 1995లో పరిశోధించినపుడు, ఆకుపచ్చను గ్రహించు శక్తి ఆయన కంటికి లేదని తేలెను. ఉత్తర ఐరోపా జాతులలో ఎఱుపు ఆకుపచ్చల భేదము సరిగా తెలియనివారు పురుషులలో నూటికి సుమారు ఎనమండుగురు, స్త్రీలలో రెండు వందలకు ఒకరు. ఈ నిష్పత్తి దేశమును బట్టి మాఱును. కాని ఇట్టివారు లేని దేశము లేదు. పరీక్ష చేయనిదే పలువురికి తమ సంగతి తమకే తెలియదు. బడిలో పటము చూపి, ఎఱ్ఱగా నున్న జిల్లాను చూపుమనిన చూపలేని బాలుడు మందబుద్ధి యనిపించుకొని దెబ్బలు తినవచ్చును. లోపము బుద్ధిలో కాదు, పటములోని రంగులలో నున్నది.

నవీన సాధనములలో మిక్కిలి ఉపకారమైనది ఇచ్చటనే కనబడును. ఒక చిత్రము అట్టి కంటికి ఎట్లు కనబడునో ఇవి తెరమీద చూపును. చూచినవాడు మఱునాడు ఎఱుపు ఆకుపచ్చలను మాత్రమే నమ్మి పటము వేయడు. రంగుతోపాటు మాటయో, గీతయో, గుర్తో చేర్చును.

పటముల కొఱకే యేర్పడిన సాధన మొకటి ప్రత్యేకముగ చెప్పదగినది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున భూగోళశాస్త్రాచార్యురాలైన సింథియా బ్రూవర్, మార్క్ హారోవర్ అను సహచరునితో కూడి "కలర్‌బ్రూవర్" అను సాధనమును నిర్మించిరి. దీనిని వివరించు వారి వ్యాసము 2003లో వెలువడినది. ఇందు 35 రంగుల వరుసలు కలవు. అవి మూడు తెగలు. తక్కువనుండి ఎక్కువకు పోవు విషయములకు లేతనుండి ముదురునకు పోవు వరుసలు 18. గ్రామ గ్రామమున అక్షరాస్యత నూటికి ఎంతయో చూపుటకు ఇవి తగును. నడుమ నొక సామాన్య స్థితి యుండి ఇరువైపుల భేదించు విషయములకు 9. సామాన్యమునకు మించిన వర్షము, తగ్గిన వర్షము చూపుటకు ఇవి తగును. హెచ్చుతగ్గులు లేక రకములు మాత్రమే వేఱైన విషయములకు 8. వరి, ప్రత్తి, మిరప, మొక్కజొన్న పంటలను చూపుటకు ఇవి తగును. ఇది రంగులను ముచ్చటను బట్టి కాక అర్థమును బట్టి విభజించినది. రంగుల భేదము తెలియనివారికి ఆ వరుస తెలియునా, అచ్చులో నిలుచునా, జిరాక్సు తీసిన చెడకుండునా యని ముందే చెప్పును. ఊరి పటమును జిరాక్సు తీసి పదిమందికి పంచుట సామాన్యమైన చోట, చివరి ప్రశ్న యెంత విలువైనదో చెప్పనక్కఱలేదు.

ఇన్ని ఉపయోగములున్నను సాధనమునకు ఎల్ల కలదు. తెరమీది రంగు వెలుగు, వస్త్రముమీదిది అద్దకము. వెలుగులు కలిసిన తెలుపునకు పోవును. అద్దకములు కలిసిన నలుపునకు పోవును. అందుచేత తెరమీద మెఱసిన కొన్ని రంగులు సిరాలో గాని దారములో గాని పుట్టనే పుట్టవు. పోచంపల్లి ఇక్కతు నేతలో ఈ సంగతి ప్రాణప్రదము. అచ్చట నేయకముందే దారమును కట్టి, రంగులో ముంచి, విప్పి, మఱల కట్టి, మఱియొక రంగులో ముంచుదురు. దీనినే చిటికి యందురు. మగ్గము నెక్కిన తరువాత రంగు మార్చుటకు వీలు లేదు. పడుగు పేకలు ఒకదాని నొకటి దాటునపుడు రెండు రంగులు కలిసి కంటికి మూడవ రంగుగ తోచును. తెరమీది గళ్లు ఈ కలయికను చూపజాలవు. కంప్యూటరులో డిజైను గీసినను, మూర దారమునకు అద్దకము చేసి, ఎండలో చూచి, దీపమువద్ద చూచి, తరువాతనే పనికి దిగుట క్షేమము. ఒక్క తప్పు రంగునకు ఒక కుటుంబపు వారముల శ్రమ వ్యర్థమగును.

రంగులు హెచ్చిన శోభ హెచ్చునను భ్రమను గూడ ఈ దేశపు నేతయే తొలగించును. చీరాల ప్రాంతమున ప్రసిద్ధికెక్కి, నేడు పుట్టపాకలో నేయబడుచున్న తేలియా రుమాలులో సంప్రదాయముగ వచ్చుచున్నవి ఎఱుపు, నలుపు, తెలుపు అను మూడు రంగులే. ఆ మూడింటితోనే ఎన్నో రూపములు వెలసినవి. ఆ మూడింటి వెలుగు మూడు మెట్లుగ స్పష్టముగ వేఱగుటయు గమనింపదగినది. లెక్క తెలియకమున్నే కన్ను ఆ లెక్కను గ్రహించినది.

కనుక ఈ సాధనములను వాడు యువతీ యువకులు నాలుగు సంగతులు మనసున నుంచుకొనిన చాలును. మొదట నేలకు ఒక రంగు, అక్షరమునకు ఒక రంగు నిర్ణయించి, మూడవదానిని ముఖ్యమైన మాటకు మాత్రమే వాడవలెను. రెండవది, అక్షరమునకు నేలకు భేదము 4.5కు తగ్గకుండ సరిచూడవలెను. సాధనము లేనిచో చిత్రమును ఫోనులోనే నలుపు తెలుపులకు మార్చి చూచిన చాలవఱకు తెలియును. అందు చదువవీలైనది రంగులలోను చదువవీలగును. మూడవది, రంగు ఒక్కటే చెప్పు విషయమేదియు నుండరాదు. ప్రక్కన మాట యుండవలెను. నాలుగవది, అచ్చునకు గాని అద్దకమునకు గాని ఇచ్చుటకు ముందు ఒక నమూనా తీసి, అది వ్రేలాడవలసిన చోటనే వ్రేలాడదీసి, ఇంటిలోని పెద్దవారిచే చదివింపవలెను. ఈ నాలుగవ పరీక్షకు మించిన సాధనము ఇంకను వెలయలేదు.

ఆచార్య రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో చదువరి కాలమును వ్యర్థము కానీయరాదను సూత్రము కలదు. అది పుస్తకముల అలమరలకే పరిమితము కాదు. గోడమీది ప్రకటనకును వర్తించును. ఇరువదియైదు ఏండ్లుగ ఈ గ్రంథాలయము అక్షరమును ఇల్లిల్లు చేర్చుటకు పాటుపడినది. అక్షరము ఇంటికి చేరినను కంటికి చేరనిచో ఆ పాటు సగమే ఫలించును. గ్రంథాలయపు నామఫలకము, పుస్తకముల పట్టిక, సభల ప్రకటనలు ఊరిలోని కడపటి వృద్ధుడును, రంగులు తెలియని బాలుడును చదువగలిగినట్లు ఉండుట ఈ రజతోత్సవమునకు తగిన పని. గ్రామమున డిజైను పని నేర్చుచున్న పిల్లలకు ఆ పనిని అప్పగించినచో వారికి విద్యయు, ఊరికి ఉపకారమును సిద్ధించును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ ఇంతే ఉత్సాహముతో జరుపుకొనుగాక! స్వస్తి.